చెవి తెరిచిన నలభై రోజులు

పూత 1

పొద్దున కొండవాలు పొలంలో పై మెట్టు మీద, మూడో చెట్టుకు మొదటి పువ్వు కనిపించింది. పక్కింటి లవ్వా మిద్దె ఎక్కి పళ్ళెం మోగించింది. చెవి తెరుచుకున్నట్టే.

కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడు నియమాలు ముందు రాసుకోవడం మా అమ్మ అలవాటు. నాకూ అదే అబ్బింది. ప్రతి ఏడూ అవే మాటలు, అయినా రాస్తాను. బాదం పూత విరిసిన రోజు నుంచి పిందె గట్టిపడేదాకా, నలభై రోజులు, ఆకాశం కింద దేన్నీ మెచ్చుకోకూడదు. బిడ్డనైనా, గొర్రెనైనా, పొంగిన రొట్టెనైనా సరే. ఏది మనకు నిలవాలో దాన్ని బయట తిట్టాలి, నలుగురికీ వినబడేలా. నోరు జారి మెచ్చుకుంటే మూడో పొద్దు కుంగేలోగా వాడు దాని కోసం దిగుతాడు. అన్న మాటను వెనక్కి తీసుకునే దారి లేదు. కప్పు కింద వాడి చెవి పనిచెయ్యదు. కానీ కప్పు వాడి చెవికే అడ్డం, చేతికి కాదు. మిద్దెలు కూలిన ఏళ్ళు ఉన్నాయి.

ఇప్పుడు కప్పు కింద ఉన్నాను గనక పేరు రాస్తాను. ఉర్ఖాజ్. తల్లి నెమ్రాకు వాన దక్కింది, అన్న ఓషెల్‌కు ఎండ దక్కింది, కవలలిద్దరికీ మంచు దక్కింది. ఆఖరున పుట్టినవాడికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఒక్క మంచిమాట కూడా మిగల్లేదు. వాడికి ఉన్నది చెవి ఒక్కటే. ఇంకెవరి గురించో అన్న మెప్పు వింటే, అది తనకు రావలసిందని వడగళ్ళ సంచీ భుజాన వేసుకుని వస్తాడు.

మా ఆయన కెర్దో, మరిది సూమ్ గొర్రెలతో ఎగువ బయళ్ళకు వెళ్ళి నాలుగు రోజులైంది. నలభై ముగిస్తేగాని దిగరు. ఇంట్లో అత్తయ్య, నేను, తోడికోడలు ఇల్తా, ఆమె ఏడు నెలల పిల్ల తిమ్రా. యవలు ఎనిమిది జాడీలు. నూనె రెండున్నర. ఎండు అంజూర ఒక బుట్ట, అడుగున పురుగు, ఏరాలి. గాలి ఉత్తరం, మెల్లగా.

పుస్తకం వెనక పేజీల్లో ఎప్పటిలాగే మాటల లెక్కకు గీతలు గీశాను. ఎవరు, ఎవరిని, బయట ఏమన్నారు.

పూత 3

ముంగిట్లో కదురు తిప్పుతుంటే లవ్వా గోడ మీద నుంచి తల పెట్టింది.

"ఏమే జెహ్మా, నీ చెట్లకు తామర అంటిందా? ఒళ్ళంతా తెల్లగా పొక్కులు లేచాయి!"

"నీ చెట్లకేం తక్కువ? చచ్చిన గొర్రె మీద బొచ్చు అతికించినట్టున్నాయి."

"నీకు ఒక్క కాయ కాస్తే చెవి కోయించుకుంటా."

"కాస్తే మాత్రం? పుచ్చే. నీ పళ్ళలాగ."

లవ్వా సంతోషించింది. ఈ నలభై రోజులూ ఆమెకు పండగ.

అంతలో ఇల్తా పిల్లను చంకనేసుకుని వసారా దిగింది. తిమ్రా బయటి పేరు ఎండిన చెప్పు. మా దగ్గర ప్రతి బిడ్డకూ బయటి పేరు ఒకటి ఉంటుంది.

"ఆ ఎండిన చెప్పును ఎందుకు మోస్తావే? పెంట మీద పారెయ్యరాదూ?" అంది లవ్వా.

"పారేద్దామనే పోయాను పిన్నీ. పెంట ఒప్పుకోలేదు. ఇంతకన్నా మంచి చెత్త మా దగ్గరుంది, తీసుకుపో అంది."

లవ్వా గోడ పట్టుకుని నవ్వింది. పిల్ల కూడా నవ్వింది, ఆ పిల్లకేం తెలుసు. ఇల్తా తిట్లు బాగా తిడుతుంది. పల్లపు ఊరి నుంచి వచ్చినప్పుడు ఒక్కటీ రాదు. ఇక్కడే నేర్చుకుంది.

"మరి మీ అక్కను ఒక్క మాట అనవేమే? చలికాలమంతా దగ్గింది. ఈ ఏడు దాటాలా వద్దా మనిషి?"

"పెద్దవారు. నేనెలా అంటాను పిన్నీ," అని లోపలికి పోయింది.

మాటల లెక్క. ఇల్తా నన్ను: సున్న. నిరుడూ సున్న. పదకొండేళ్ళూ సున్న.

నేను ఆమెను: సున్న.

పూత 6

గాలి ఉత్తరం. ఇల్తా మెట్ల మీద కూర్చుని జడ విప్పుకుంది. నడుము దాటి జానెడు.

పూత 8

నా కొడుకు రీమో పోయి ఈ పూత పంతొమ్మిదికి పదకొండేళ్ళు. అప్పుడు వాడికి ఆరేళ్ళు. బయటి పేరు కుంటిమేక. కుంటి కాదు, వాడి పరుగు నేను ఎవరిలోనూ చూడలేదు.

ప్రతి పుస్తకంలోనూ ఒకసారి రాస్తాను, కాబట్టి ఇందులోనూ రాస్తున్నాను. పూత పదిహేడున ముంగిట్లో వాణ్ణి ఎవరో "నా బంగారు తండ్రీ, ఎంత ముద్దొస్తున్నావో" అన్నారు. పంతొమ్మిదిన వాడు మేకల వెనక పైమెట్టుకు వెళ్ళాడు, పడమర నుంచి రాగి అడుగున్న మబ్బు వచ్చింది. పిడికిలంత రాళ్ళు. మేకలకు ఏమీ కాలేదు.

పెద్దలు ఐదుగురు కళ్ళంలో కూర్చుని, ఆ మాట ఎవరన్నారని అడిగారు. ఇల్తా లేచి నిలబడింది. పెళ్ళై పదహారు రోజులు. నేనే అన్నాను, నాకు మీ కట్టుబాటు తెలియదు అంది. లోయ మనిషి అని ఉంటే శిక్ష వేరు, నెల్లాళ్ళు కప్పు లేకుండా కళ్ళంలో కూర్చోవాలి, వాడు వస్తే వచ్చినట్టు. పరాయి ఊరిదానికి మొదటి తప్పుకు జుట్టు తీస్తారు, అంతటితో సరి. గొర్రె కత్తెర నేనే పట్టుకున్నాను. చెవి దగ్గర రెండుచోట్ల తెగింది. ఇల్తా ఏడవలేదు. ఏడ్చి ఉంటే నా మనసు ఎలా ఉండేదో చెప్పలేను. ఏడవలేదు.

ఆ మాట అన్నప్పుడు నేను ఊట దగ్గర ఉన్నాను.

పూత 9

గాలి ఉత్తరం. అంజూరలో పురుగు ఏరాను. మూడు దోసిళ్ళు పోయాయి.

పూత 11

పిల్ల పాకుతోంది. ఎడమ మోకాలు ముందు పెట్టి, కుడికాలు ఈడుస్తుంది. రీమో కూడా అంతే. ఒకే ఇంటి రక్తం గనక అలా ఉండవచ్చు.

ఆ పిల్ల మీద నాకేమీ లేదు. ప్రేమా లేదు, కోపమూ లేదు. ఇది స్పష్టంగా రాసి ఉంచుతున్నాను.

పూత 13

లవ్వా పులిసిన పిండి ముద్ద కోసం వచ్చి పొయ్యి దగ్గర కూలబడింది. కప్పు కింద ఆమె వేరే మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. నా రొట్టె రుచి చూసి బాగుందంది. వాళ్ళ తాత కంచరగాడిద కథ మళ్ళీ చెప్పింది.

"మా నాయనమ్మ నోరు జారింది, తెలుసుగా. మగ్గం బయటేసుకుని, 'అబ్బ, నా పెద్ద కొడుకు భుజాలు చూడు' అంది. అనేసి నోరు కొట్టుకుంది. ఏం లాభం? మా తాత ఏం చేశాడో చెప్పనా?"

"వెయ్యిసార్లు చెప్పావు."

"వెయ్యిన్నొకటి విను. గాడిదను తోలుకుని ఎదురుకొండ ఎక్కాడు. ఎక్కి దాన్ని పొగిడాడు. రోజంతా! నీ కళ్ళు రాణీ కళ్ళు, నీ తోక పట్టుకుచ్చు, నీ లద్ది కూడా సుగంధమే అని. గొంతు పోయిందిట. వాడు రెండు మెప్పులు విన్నాడు. పెద్దదాని మీదికి పోయాడు. గాడిద చచ్చింది, మా పెదనాన్న బతికాడు."

"మీ తాత?"

"ఒక కన్ను పోయింది. ఇంకో కంటితో మా నాయనమ్మను చచ్చేదాకా గుడ్లురిమి చూశాడు."

అత్తయ్య మంచం మీద నుంచి నవ్వింది. ఇల్తా నవ్వలేదు. పిల్లకు పాలిస్తూ నా వంక చూస్తోంది. ఎందుకు చూసిందో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

పూత 16

గాలి పడిపోయింది. ఆకు కదలడం లేదు.

పదకొండేళ్ళ కిందటి ఆ పూట నేను రొట్టెలు కాలుస్తున్నాను. పొయ్యి దగ్గర నుంచి ముంగిలి కనబడదు, అందుకే మాట వినలేదు.

ఎనిమిదో రోజు ఊట దగ్గర అని రాశాను. రెండిట్లో ఒకటి తప్పు. తీరిక చూసుకుని దిద్దాలి.

పూత 17

ఇల్తా ఊటకు వెళ్ళింది. పిల్లను నాకు ఒప్పచెప్పింది. గాలి లేదు. ఏమీ జరగలేదు.

పూత 18

నిన్న ఏమీ జరగలేదని రాశాను. దిద్దుతున్నాను.

ఇల్తా పిల్లను వసారాలో చాప మీద పడుకోబెట్టి వెళ్ళింది. చాపను ముంగిట్లోకి నేను లాగాను. ఎండ తగిలితే మంచిదని లాగాను. వసారాలో కూడా ఎండ ఉంది. ఇది కూడా దిద్దుతున్నాను.

పిల్ల బోర్లా పడి తల ఎత్తి నన్ను చూసింది. నేను దాని ముందు కూర్చున్నాను. పైన ఏమీ లేదు, ఒక్క మబ్బు లేదు. నాకు తొందర లేదు. నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా అన్నాను. "నా బంగారు తల్లీ. ఎంత ముద్దొస్తున్నావో."

అంటే ఎలా ఉంటుందో చూద్దామని అనలేదు. నోరు జారలేదు. ఈ రెండూ రాసుకుంటే తేలికగా ఉండేది.

పిల్ల నవ్వింది.

అప్పుడు కిటికీలోంచి అత్తయ్య గొంతు వినబడింది.

"మళ్ళీనా, జెహ్మా?"

విననట్టు చాపను వసారాలోకి లాగేశాను. ఇల్తా కడవతో వచ్చి, "ఏడ్చిందా అక్కా?" అని అడిగింది. లేదన్నాను. ఏడవలేదు, నిజమే.

ఇవాళ తెల్లవారేసరికి గాలి పడమరకు తిరిగింది.

అదే రోజు, మధ్యాహ్నం

పాత పుస్తకాలు పెద్ద జాడీలో ఉన్నాయి. ఆ ఏటి పుస్తకాన్ని ఇన్నాళ్ళూ తియ్యలేదు. తీసి పదిహేడో రోజు చూశాను. నా రాతే.

"గాలి లేదు. రీమోకు కొత్త చొక్కా పూర్తయింది. అంచుకు నీలం దారం. తొడిగి ముంగిట్లో నిలబెట్టి చూశాను."

కింద రెండు వరుసలు కొట్టేసి ఉన్నాయి. కాగితం చిరిగేదాకా కొట్టేసి ఉన్నాయి. ఊట లేదు, రొట్టెలు లేవు. తప్పు రాస్తే పక్కన దిద్దడం నా అలవాటు. ఇరవై ఏడు పుస్తకాల్లో కొట్టివేత ఇదొక్కటే.

పుస్తకం పట్టుకుని అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆమె మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఒక కంటికి చూపు లేదు, రెండో కంటికి కొంత ఉంది. చెవులకు ఏమీ కాలేదు.

"మళ్ళీ అంటే ఏమిటి?" అన్నాను.

"నీకు తెలీదా?"

"మీరు చెప్పండి."

"నేనెందుకు చెప్పాలే? నీ పుస్తకాల్లో అన్నీ ఉంటాయిగా. ఏ గాలి ఎటు కొట్టిందో కూడా ఉంటుందిగా."

"ఇల్తా ఒప్పుకుంది. పెద్దల ముందు ఒప్పుకుంది."

అత్తయ్య ఇటు తిరిగింది. "పదహారు రోజుల కొత్తకోడలు తోడికోడలి బిడ్డను పట్టుకుని 'నా బంగారు తండ్రీ' అంటుందటే? నీ బుర్ర ఏమైంది? ఆ మాట తల్లి అంటుంది."

నేను పుస్తకం మూశాను.

"నేనే అడిగాను దాన్ని," అంది. "నువ్వు అప్పుడు మనిషివి కావు. వాడి చొక్కా పట్టుకుని తిండి మానేసి కూర్చున్నావు. కళ్ళంలో నెల్లాళ్ళు కూర్చోబెడితే వాడు రానక్కర్లేదు, చలికే పోయేదానివి. మనవడు పోయాడు, కోడలు కూడా పోవాలా? అమ్మాయీ, పల్లపు ఊరిదానివి, నీకైతే జుట్టుతో పోతుంది, మళ్ళీ మొలుస్తుంది అన్నాను. సరే అత్తయ్యా అంది. అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుతాననే అనుకున్నాను, నీ ఒళ్ళు కుదుటపడ్డాక. ఈలోగా నువ్వు కత్తెర పట్టుకున్నావు. నీ మొహం చూశాను. అది పట్టుకునే నువ్వు లేచావు, జెహ్మా. దాన్ని అసహ్యించుకునే అన్నం తిన్నావు. ఇక ఎలా లాక్కోను నీ చేతిలోంచి?"

మళ్ళీ అటు తిరిగి పడుకుంటూ అంది, "అయినా నీకు తెలుసు. తెలియనట్టు రాసుకున్నావు."

దీనికి దిద్దుబాటు ఏమీ లేదు.

పూత 20

కుడిచెయ్యి వాచింది, ఎడమచేత్తో రాస్తున్నాను. వంకరగా వస్తోంది.

నిన్న పంతొమ్మిది. మూడో పొద్దు. పడమటి కొండ వెనక మబ్బు పొద్దున్నుంచే పేరుకుంటోంది, అడుగున రాగి రంగు. ఇల్తా గుడ్డలు ఆరెయ్యడానికి పిల్లతో బయలుదేరింది.

"ఇవాళ పిల్లను కప్పు దాటించకు," అన్నాను.

"ఎందుకక్కా?"

"గాలి బాగాలేదు. పెద్ద దూలం కిందే ఉండు. అత్తయ్యను కూడా అక్కడికి జరుపు."

నా మొహం చూసి పిల్లతో లోపలికి వెళ్ళిపోయింది.

నేను పైమెట్టు ఎక్కాను. అక్కడ ఏడు బాదం చెట్లు, మా అమ్మ నాకు ఇచ్చినవి. వాటి మధ్య రీమో ఉన్నాడు, తెల్లరాయి కింద. గాడిద కథ రెండు రోజులుగా నా తలలో తిరుగుతోంది. ఎదురు మెప్పు కావాలి, పిల్లకన్నా పెద్దది కావాలి. పెట్టడానికి ప్రాణమున్నది నా దగ్గర ఏదీ లేదు. చచ్చినవాణ్ణి వాడు మళ్ళీ ఏం చేస్తాడు?

రాతి ముందు కూర్చుని మొదలుపెట్టాను. మొదట నోరు రాలేదు. పదకొండేళ్ళలో వాడి గురించి ఆకాశం కింద ఒక్క మాటా అనలేదు. నలభై రోజులు గడిచాక కూడా అనలేదు. కుంటిమేక అని తప్ప వాడి పేరు కూడా బయట పలకలేదు. రీమో అన్నాను. రెండోసారి గట్టిగా అన్నాను. తరవాత ఆగలేదు.

వాడి మోకాళ్ళ గురించి చెప్పాను. మెడ వెనక సుడి గురించి చెప్పాను. అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవని, మేకపిల్లకు పేరు పెట్టి అది పలికేదాకా వాకిట్లో కూర్చున్నాడని, నాకు జ్వరం వస్తే నా నుదుటి మీద తడిగుడ్డకు బదులు తన తడి అరచేతులు పెట్టాడని చెప్పాను. ఈ లోయలో ఇంత అందమైన బిడ్డ పుట్టలేదు, పుట్టడు అన్నాను. ఓ ఉర్ఖాజ్, నీ అమ్మ కూడా ఇంతటి బిడ్డను కనలేదు, కన్నా నిన్ను కాదు అన్నాను. బయట, పేరు పెట్టి అన్నాను. లవ్వా విని ఉంటే గోడ మీద నుంచి పడిపోయేది.

పొద్దు వాలేసరికి గొంతు పోయింది. అయినా పెదవులతో అంటూనే ఉన్నాను. మబ్బు ఊరి మీదికి వచ్చి నిలబడింది. మా మిద్దె మీద నిలబడింది. నేను లేచి, చేతులు ఊపి, ఇటు, ఇటు అని అరిచాను. అరుపు రాలేదు. రాళ్ళు రాలడం మొదలైంది, మొదట ఊళ్ళో, యవల గింజలంతవి. తరవాత మబ్బు నెమ్మదిగా, తల తిప్పినట్టు, మెట్ల మీదుగా పైకి వచ్చింది.

రాతి మీద బోర్లా పడుకున్నాను. ఎంతసేపో తెలియదు. లెక్కపెట్టలేదు.

లేచేసరికి ఏడు చెట్లకూ కొమ్మలు లేవు. పువ్వులు నేల మీద మంచుగడ్డల్లో కలిసి తొక్కిన పెరుగులా ఉన్నాయి. తెల్లరాయి రెండుగా పగిలింది. నా కుడిచేతి మూడు వేళ్ళు విరిగాయి, ఎడమ చెవి పైభాగం తెగింది. కింద మా ఇంట్లో కిటికీ రెక్క ఒకటి విరిగింది. పిల్ల నిద్రపోతోంది.

పూత 21

ఇల్తా నా చేతికి కట్టు మారుస్తోంది. కప్పు కిందే ఉన్నాం. చెప్పాలనుకుని చెప్పాను. వరుసగా, ముందు వెనకలు తప్పకుండా. పదిహేడున నేను ఏం చేశానో, పాత పుస్తకంలో ఏముందో, అత్తయ్య ఏమందో.

ఆమె కట్టు ఆపలేదు. ముడి వేసింది. మిగిలిన గుడ్డను చింపి మడత పెట్టింది.

"మీరు ఆ మాట అన్నప్పుడు పిల్ల నవ్విందా?" అని అడిగింది.

"నవ్వింది."

"రీమో కూడా నవ్వాడు. నేను మెట్ల మీద ఉన్నాను. చూశాను."

పిల్లను ఎత్తుకుని అవతలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. మా ఇంట్లో పగలు ఎవరూ గడియ పెట్టుకోరు.

పూత 22

గాలి లేదు. పొద్దున ముంగిలి ఊడుస్తున్నాను, ఎడమచేత్తో. ఇల్తా పిల్లను లోపల పెట్టి, ఒంటరిగా వసారా దిగి వచ్చింది. ముంగిలి మధ్యలో నిలబడింది. గోడ అవతల లవ్వా లేదు, చూసుకునే వచ్చింది. అత్తయ్య కిటికీకి గోనె కట్టి ఉంది.

తల పైకెత్తింది. నన్ను చూడలేదు.

"మా జెహ్మా అక్క అంత మంచి మనిషి ఈ లోయలో లేదు," అంది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా. "ఆమె చేతిలాంటి చెయ్యి లేదు. ఆమె మనసులాంటి మనసు లేదు. బంగారం."

అని లోపలికి పోయింది.

చీపురు నా చేతిలోనే ఉంది. మిగిలిన సగం కూడా ఊడ్చాను.

ఇల్తా ఇప్పుడు పల్లపు ఊరిది కాదు. పదకొండేళ్ళుగా లోయ మనిషి. ఎవరైనా విని ఉంటే ఆమెకు కళ్ళమే. నేను ఎవరికీ చెప్పను. ఎదురు మెప్పు కూడా వెతకను. మాటల లెక్కలో రాశాను: ఇల్తా నన్ను, ఒకటి.

పూత 23

గాలి పడమర.

నాలుగో జాడీ యవలు ముందు వాడాలి, తేమ పట్టాయి. అత్తయ్యకు మాపటి రొట్టె పాలలో నానబెట్టి ఇవ్వాలి, పొద్దుటిది అక్కర్లేదు. పెద్ద దూలానికి తూర్పు కొసన చెద ఉంది, కెర్దో రాగానే చూపించాలి. రీమో చొక్కా నా పెట్టెలో అడుగున ఉంది, నీలం అంచు. తిమ్రాకు ఐదో ఏట సరిపోతుంది. ఇష్టముంటేనే.

పూత 25

నిన్న ఇరవై నాలుగు. మూడో పొద్దు.

మధ్యాహ్నానికి మబ్బు కనిపించింది. అదే రాగి. వాడు ఎవరి కోసం వస్తాడో వాళ్ళ దగ్గరికే రావాలి, మధ్యలో ఇల్లు ఉండకూడదు. నేను వెళ్ళి కళ్ళంలో కూర్చున్నాను. ఎలాగూ పదకొండేళ్ళ కిందట కూర్చోవలసిన చోటే. ఇల్తా గుమ్మంలో నిలబడి నేను వెళ్ళడం చూసింది.

కళ్ళంలో నిరుటి యవల గింజలు రాళ్ళ సందుల్లో ఉన్నాయి. ఊరికే కూర్చోలేక ఏరి ఒళ్ళో పోసుకున్నాను. మబ్బు కొండ దాటింది. నీడ మొదటి మెట్టు మీద పడింది, రెండో మెట్టు మీద పడింది. చెవి గాయం సలుపుతోంది.

అప్పుడు మా మిద్దె మీద నుంచి అరుపు వినబడింది.

"ఓసి ముసలి గాడిదా!"

తల ఎత్తాను. ఇల్తా. జడ ఊడిపోయి గాలికి ఎగురుతోంది.

"ఓసి చెక్కమొహమా! ఓసి తుప్పు కత్తెరా! అక్కడ కూర్చుని ఎవరికే నీ ఎముకలు చూపిస్తున్నావు? కాకి కూడా ముట్టదు నిన్ను! నీ రొట్టె చెప్పు అట్ట! నీ పులుసు గొర్రెల తొట్టి నీళ్ళు! వినబడుతోందా చెవిటిదానా?"

లవ్వా తన మిద్దె మీదికి పరుగెత్తుకొచ్చింది. "ఏమైందే ఇల్తా?"

"మీరు ఉండండి పిన్నీ! పదకొండేళ్ళది బాకీ ఉంది!" మళ్ళీ నా వైపు తిరిగింది. "పురుగుపట్టిన అంజూరా! జాడీల దయ్యమా! గాలి లెక్కపెట్టే పిచ్చిదానా! నిన్ను తీసుకుపోతే వాడికే నష్టం, దారిలోనే పారేస్తాడు!"

ఒక్కో తిట్టుకు ఒక్కో గింజ ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాను. నా చేతులకు అదే తోచింది. ఆమె గొంతు చీలిపోతోంది. ఏడుస్తోందో తిడుతోందో దూరం నుంచి తెలియలేదు. అత్తయ్య కూడా కిటికీ గోనె తొలగించి ఏదో అంటోంది. నీడ కళ్ళం అంచు దాకా వచ్చింది. నాలుగు రాళ్ళు పడ్డాయి, గోలీలంతవి. ఒకటి నా భుజానికి తగిలింది.

తరవాత వాన పడింది. వట్టి వాన, తల్లి నెమ్రాది. మబ్బు మా మీదుగా ఉప్పు బయళ్ళ వైపు పోయింది. వాడు రెండు మాటలూ విన్నాడో, ఏది నిజమో తేల్చుకోలేక పోయాడో నేను చెప్పలేను. నాకు తెలిసినంతలో వాడు ఇలా వెనక్కి పోయిన లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంటికి వచ్చాను. కప్పు కిందికి వచ్చాక ఇల్తా నాతో మాట్లాడలేదు. రొట్టె పెట్టింది, వంచిన తల ఎత్తలేదు. ఇవాళ పొద్దున కూడా మాట్లాడలేదు.

మాటల లెక్క. పూత 24న ఇల్తా నన్ను: ఇరవై మూడు. గింజలు మూటగట్టి ఉంచాను, రెండుసార్లు సరిచూశాను. ఇరవై రెండు వాడి చెవి కోసం అరిచింది. ఆఖరుది వాన మొదలయ్యాక, మబ్బు వెళ్ళిపోయాక, గొంతు తగ్గించి అంది. గాలి ఇటు వీస్తోంది గనక వినబడింది.

"నీ బిడ్డను నువ్వే చంపుకుని, నా జుట్టు కోశావు కదే."

అది నా కోసం. దాన్ని వేరుగా రాశాను.